అయితే

గిరింపేట సందులో నా డీటీపీ షాపు.
నాలుగు ఎలక్షన్లుగా ఏకాంబరం గారి ప్రసంగాలన్నీ
ఇక్కడే పుట్టినాయి.
వక్క నములుతా ఆయన చెప్తారు, నేను కొడతా:
"ఊరికే వచ్చేది ఒంటికి పట్టదు.
ఇంటికి పద్దుండాల, దేశానికీ ఉండాల.
ధర కట్టేది సంత, సర్కారు కాదు.
ఎదుటి పార్టీది పక్కింటి పొయ్యి మీద పండగ."
చివరి మాటకు తనే నవ్వుకుంటారు.

నాకు వాళ్ల పార్టీ పడదు. ఆయనకీ తెలుసు.
పేజీకి ముప్పై, ఎంచి ఇచ్చి పోతారు.
బాకీ పెట్టిన మనిషి కాదు, అదొకటి చెప్పాల.

ఈ జూన్‌లో బెంగుళూరా కాయ కిలో మూడుకి పడింది.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ మూడు రాత్రులు
ఆయన ట్రాక్టరూ, ఆయన మీద ఓడిపోయినాయన ట్రాక్టరూ
ముందూ వెనకా.
కాయ కుళ్లి టైర్ల కింద రసం.
డ్రైవర్లిద్దరికీ ఒకటే దుప్పటి.

నిన్న వచ్చినారు. చొక్కాకు మాగిన వాసన.
"ధర కట్టేది సంత, సర్కారు కాదు" అన్నారు.
కొట్టినా.
చానాసేపు ఫ్యాను చప్పుడే.
"అయితే" అన్నారు.

ఇన్నేళ్లలో ఆ మాట
ఆయన కోసం కొట్టింది లేదు.
దాని పక్కన కర్సర్ మినుకుతా ఉంది.
ఆయన వక్క ఊసేదానికి
బయటికి పోయినారు.