గోడ మీద అరచెయ్యి

మా గల్లీల ఎవ్వలికీ చెవులు సరిగ లేవు.
పొద్దుమాపు సాంచల చప్పుడు,
మాట్లాడుడంటేనే ఒర్రుడు.
అందుకే
పిలిస్తె పలుకని పిల్లను
పద్నాలుగు నెలల దాంక
అందరి పిల్లలసొంటిదే అనుకున్నం.

మా అత్త కనకవ్వ ముందుగాల పట్టింది.
ఆ రోజు కరెంటు పోయి సాంచలన్ని ఆగినయి.
కంచు తాంబాళం చేతులకెల్లి జారి
బండల మీద పడ్డది.
ముసలామె ఉలిక్కిపడ్డది, నేను ఉలిక్కిపడ్డ,
పక్కింటోళ్ల మేకపిల్ల గూడ ఎగిరింది.
ఇది మాత్రం
కాలి పట్టీని కండ్లకు ఆనిచ్చుకొని
తిప్పి తిప్పి చూసుకుంటున్నది.

అప్పటిసంది కాయితాలు.
మీసేవల స్లాటు దొరికితె మా ఆయనకు సెలవు దొరకది,
సెలవు దొరికిననాడు సర్వరు డౌను.
మూడోసారి పోతె
ఆధార్ల పుట్టిన సాలు తప్పు కొట్టిన్రు,
మా మాన్వితకు అరవై రెండేండ్లు!
"ముసలోళ్ల పింఛనుకైతె అటు లైను" అన్నడు
కంప్యూటరు పిలగాడు.
నాకూ నవ్వచ్చింది.
బస్టాండుల కూసున్నంక ఏడుపచ్చింది.

రాత్రంత పండనియ్యొద్దన్నరు,
పొద్దున మందు పోస్తె పండాలె,
పండితేనే చెవుల మిషిను పరీక్ష.
తెల్లారేదాంక మార్చి మార్చి ఎత్తుకొని
మానేరు బ్రిడ్జి మీద తిరిగినం.
కింద నీళ్లు లేవు, ఇసుకనే.
స్తంభం లైటు దిక్కు అది చెయ్యి సాపింది.
"జరంత ఆనుతున్నట్టుంది కదనే!"
సంబురంగ అన్నడు మా ఆయన.
ఎంబడే నోరు మూసుకున్నడు,
ఎవలన్న ఇంటె
శాతం తగ్గుతదేమో అన్నట్టు.

సదరం క్యాంపుల మా ముంగట నలభై మంది.
ఒక తాత కట్టెకాలు ఇప్పి
ఒళ్లె పెట్టుకున్నడు, పండిన మనుమని లెక్క.
చెవులకు ఎంత ఏస్తరో, కండ్లకు ఎంత ఏస్తరో,
కలిపితె ఎంతైతదో
వేళ్ల మీద లెక్కవెట్టుకుంటున్న.
వెయ్యి బీడీలల్ల ఎన్ని తరుగు తీస్తరో
నిద్రల లేపి అడిగినా చెప్త.
కన్నబిడ్డల తరుగు ఎట్ల చెప్పాలె?

డాక్టరమ్మ ఎనుకకొచ్చి గిలక ఊపింది.

ఇన్ని నెలలు
పల్లాలు కొట్టిన, పెండ్లి డప్పుల కాడికి ఎత్తుకపోయిన,
ఎములాడల కోడెను కట్టి మొక్కిన,
ఒక్కపారి తిరుగు బిడ్డా అని.
గా గడియల
కండ్లు గట్టిగ మూసుకొని మొక్కిన:
తిరగకు బిడ్డా,
ఇయ్యాల ఒక్కనాడు తిరగకు.

తిరగలె.
రాజన్న ఎన్నడు ఇననిది
గా మొక్కు ఇన్నడు.

తర్వాత మందు పోసి, నెత్తికి వైర్లు అతికిచ్చి,
తెర మీద గీతలు చూసిన్రు.
గీతలు సాపుగ పోతున్నయి
మా ఆయన నేసే బట్ట అంచు తీరు.
"మంచిగనే వస్తదమ్మా శాతం" అన్నది నర్సు,
పదో తరగతి మార్కులు చెప్పినట్టు.
నేను దండం పెట్టిన.
ఎందుకు పెట్టిన్నో ఇప్పటికీ తెల్వది.

కాయితం వచ్చింది. తాత్కాలికమని రాసున్నది,
అయిదేండ్లకు మళ్ల రావాల్నట.
దానికి రానియి అన్నీ అండ్ల ఉన్నయి.
పైసలు పడ్డయా అని నెలనెలా పోయి అడుగుతున్న.
ఇంకా పడలె.

రోజూ మాపటీలి
అది అరచెయ్యి గోడకు పెట్టి నిలవడ్తది.
గోడవతల ఎనిమిది సాంచలు.
ఏ సాంచా ఆగితె దానికి ఎట్ల తెలుస్తదో,
ఏడు ఆడుతుండంగనే
చెయ్యి తీసి, తడుముకుంట తడుముకుంట
గడప కాడికి పోయి కూసుంటది.
నేను ఆకు కత్తిరిచ్చుడు ఆపి బయటికి చూస్త.

గల్లీ మలుపు కాడ మా ఆయన,
భుజం మీది తువ్వాలతోని
దూది దులుపుకుంట వస్తుంటడు.