వల కన్ను

పగలు నా పని
కంటికి ఆనని గోడల మధ్య ఎలక్ట్రాన్లను పరిగెత్తించడం.
సిలికాన్ ముక్క మీద లెక్కల వల పరుస్తాను.
కరెంటు నింపాదిగా నడిచే మైదానంలో పెద్ద కన్నులు చాలు.
ఉన్నట్టుండి లోయలా దిగిపోయే చోట మాత్రం
కన్ను సన్నం చెయ్యాలి, ఇంకా సన్నం,
దువ్వెనకు దొరకని ఈరు ఈర్పెనకు చిక్కినట్టు.

గేటు మూసి ఉన్నా సరే
ఆ పల్చటి పొరలోంచి కాస్త కరెంటు జారుకుంటుంది.
లీకేజీ. మా ఆస్థాన దొంగ.
నెలంతా వాడి అడుగులు లెక్కపెట్టినందుకే నాకు జీతం.

సాయంత్రం ట్రామ్ దిగి ఇంటికొస్తే
అదే దొంగ, ఒళ్ళు చేసి.

గ్రెనోబుల్‌లో, ఇజేర్ నదికి రెండు వీధుల ఇవతల,
అరవై ఏళ్ళ కాంక్రీటు, ఏడంతస్తులు, ఇరవై ఎనిమిది తలుపులు.
గోడలకు చెవులుంటాయంటారు,
మా గోడలకు ముక్కులున్నాయి.
డిసెంబరు పొడుగునా వీధిలోకి వెచ్చగా ఊపిరి వదులుతాయి.
మంచు పడ్డ రాత్రి థర్మల్ కెమెరా పెట్టి చూస్తే
బాల్కనీ అతికిన ప్రతి మూలా
కుంపట్లో బొగ్గు.

మీటింగు సైకిళ్ళ గదిలో.
కొటేషన్ కాగితం చేతులు మారుతోంది:
బయటి గోడకు పద్నాలుగు సెంటీమీటర్ల రాతి ఉన్ని, కొత్త కిటికీలు.
సర్కారు సాయం పోను ఇంటికి పదిహేడు వేల యూరోలు.
మిగిలేది ఏడాదికి ఏడొందల నలభై.
అసలు తిరిగి రావడానికి ఇరవై మూడేళ్ళు.

కింద కళ్ళజోళ్ళ కొట్టు ఫెర్రాచీ అన్నాడు,
"మీ వేడి ఎలాగూ నా కప్పులోకి దిగుతోంది, నేనెందుకు కట్టాలి?"
ఇల్లు అద్దెకిచ్చి లియోన్‌లో ఉండే మొరెల్, ఫోన్‌లోంచి,
"గ్యాసు బిల్లు అద్దెకున్నవాడిది. గోడ మాత్రం నాదా?"

నేను లేచాను.
రాత్రి పదివేల సార్లు పాచికలు వేసి వచ్చాను:
గ్యాసు ధర, వడ్డీ, చలి, మేస్త్రీల ఆలస్యం.
"ఏడు వేల మూడొందల సార్లు మనమే గెలుస్తాం."

ఏడో అంతస్తు అన్సెల్మ్ చెయ్యెత్తాడు.
కొండ మీది రోప్‌వేకి నలభై ఏళ్ళు మెకానిక్కు,
ఇప్పుడు ఎనభై ఒకటి.
"ఆ పదివేలలో
ఎన్నింటిలో నేను బతికున్నానమ్మా?"

ఎవరిదో సైకిల్ గంట మోచేతికి తగిలి
ఒక్కసారి మోగి ఊరుకుంది.

గ్యాసుకు సెంటు సెంటుకీ ఒక గడి గీశాను.
ఆయన కూర్చున్న చోట
నా వల కన్ను పర్వతమంత వెడల్పు.

ఓట్లు. వెయ్యి వంతుల్లో ఐదొందల ఒకటి రావాలి.
నాలుగొందల ఎనభై ఎనిమిది.
అన్సెల్మ్ వాటా ముప్ఫై ఆరు వంతులు. వద్దన్నాడు.
ఆయన వైపు ఎవరూ చూడలేదు.
కుర్చీలన్నీ ఆయనే మడతపెట్టాడు.

జనవరిలో తొమ్మిది యూరోల ఫోమ్ టేపు చుట్ట కొని
మెట్లెక్కాను. లిఫ్టు చెడి ఉంది.
వంటగదిలో కోటు మీద కోటు, చెవుల దాకా టోపీ,
చేతిలో వెలిగించిన కొవ్వొత్తి.
ఏమీ అడగకుండా లోపలికి రమ్మని
కిటికీ చట్రం వెంట కొవ్వొత్తి నడపసాగాడు.
తిన్నగా ఉన్నంత దూరం చకచకా,
మూల దగ్గర పడే కొద్దీ
మెల్లగా,
ఇంకా మెల్లగా,
వేలెడు మేర వెళ్ళడానికి నిమిషం.

ఎవరు నేర్పారు అని అడగబోయాను.
మంట పక్కకు ఒరిగింది.
"ఇక్కడ," అన్నాడు.

నేను టేపు అంటించాను.
మూడో మూలకు చుట్ట అయిపోయింది.
రేపు ఇంకోటి తెమ్మన్నాడు,
రసీదుతో సహా. సగం తనదట.