ఎనిమిదో కంప్యూటర్

మంగళవారం రాత్రి ఎవరూ అడక్కుండానే
బ్రౌజర్ తనను తాను మార్చుకుంది.
బుధవారం పొద్దున క్లైపెదా గ్రంథాలయంలో
కింది అంతస్తు తలుపు తీసి దీపాలు వేసేసరికి
తొమ్మిది తెరలకూ చత్వారం నయమైపోయింది.

మొదట కనిపెట్టింది దాంగువోలే.
నలభై ఏళ్ళు వలలు అల్లిన వేళ్ళు ఆమెవి,
ఎక్కడ ముడి మారినా ఇట్టే తెలుస్తుంది.
రోజూ వచ్చి కొంగ గూటిని చూసిపోతుంది:
ఎక్కడో పొలంలో స్తంభం, స్తంభం మీద గూడు,
గూట్లో ఒంటికాలి మీద కొంగ,
ఆ కాలికో కడియం.
ఇన్నాళ్ళూ అదొక నల్లటి మరక.
"అంకె కనిపిస్తోందే అమ్మాయ్! మూడు!
కాదు, ఎనిమిదేమో...
రెండిట్లో ఒకటి మటుకు ఖాయం!"
నిశ్శబ్దం అని రాసిన బోర్డు కిందే నిలబడి అరిచింది.
నేనేమీ అనలేదు.

వీతెనిస్‌కి పద్నాలుగేళ్ళు, లోకంతో పేచీ.
"నా లాప్‌టాప్ ఫ్యాన్ ఓడ బయల్దేరినట్టు మోగుతోంది,
బ్యాటరీ చరిత్ర క్లాసు దాటలేదు.
మైదానంలో గడ్డి పోచ పోచా లెక్కపెట్టమన్నానా?
గోలు పడిందో లేదో చెబితే చాలదా?"

క్షౌరశాల జివిలే తన పాత వీడియో తెరిచి
తెరను వదిలి తన చెంపను తడుముకుంది.
"ఈ గీత అప్పుడే ఉందా,
మీవాళ్ళు నిన్న రాత్రి గీశారా?"
మీవాళ్ళట!
నేనేదో నేలమాళిగలో కూర్చుని
ఊళ్ళోవాళ్ళ ముడతలన్నీ చెక్కుతున్నట్టు.

నాకు తెలిసింది ఇంతే.
అది కొత్త కన్ను పెట్టదు,
ఉన్న కంటికి కాటుక దిద్దుతుంది.
చీకటి ఎక్కడ ఆగి వెలుతురు మొదలవుతుందో
అక్కడ ఇంకో గీత గీస్తుంది.
ఏడ్చిన కన్నా, నవ్విన కన్నా
దానికి పట్టదు.

గురువారం నాలుగింటికి రిమ్విదస్ వచ్చాడు.
ఫెర్రీ ఇంజన్ల దగ్గర చెవులు పోగొట్టుకున్నవాడు,
అందుకే హెడ్‌ఫోన్లు అడగడు.
తమ్ముడు కేస్తుతిస్ ఉన్న ఇరవై రెండు సెకన్ల టేపు,
నేనే ఎక్కించిపెట్టాను పోయినేడు.
శరదృతువు, పొగమంచు, ఫెర్రీ అంచున ఒక కోటు,
పైకెత్తిన ఒక చెయ్యి.
ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యి ఆయనకు
వెళ్ళొస్తానన్నా అని చెబుతోంది.

ఇవాళ మంచంతా ఇసకైపోయింది.
కోటు గుండీలు మొలిచాయి.
చెయ్యి చుట్టూ తెల్లటి అంచు,
అంచు లోపల అరచెయ్యి,
అరచెయ్యి కెమెరా వైపు.

చాలాసేపు చూశాడు. మళ్ళీ వెనక్కి జరిపాడు.
"ఊపడంలేదు," అన్నాడు గట్టిగా, చెవిటివాళ్ళు అన్నట్టు,
"వద్దంటున్నాడు. తీయొద్దంటున్నాడు."
ఆరోజు కెమెరా పట్టుకున్నది తనే.

ఆ అంచు యంత్రం గీసిందని కాగితం మీద రాసి చూపించాను.
"మరి చెయ్యి?" అన్నాడు.
దానికి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మీట నొక్కాను.
పొగమంచు తిరిగొచ్చింది,
పరిచిన దుప్పటిలా కాదు,
అప్పు తీర్చడానికి వచ్చిన మనిషిలా మొహమాటంగా.
కోటు మెత్తబడింది. చెయ్యి మళ్ళీ చెయ్యే.
కానీ ఆయన కళ్ళకు మీట లేదు కదా.
టోపీ మరిచిపోయి వెళ్ళాడు.

ఎనిమిదో కంప్యూటర్‌ను అలాగే ఉంచేశాను,
పక్కన ఒక చీటీ అంటించి: ఇందులో మసక.
ఎవరూ కూర్చోరనుకున్నాను.
శుక్రవారం జివిలే అడిగి మరీ కూర్చుంది.
శనివారం కళ్ళజోడు మరిచిన దాంగువోలే
చీటీ చదవలేక అక్కడే తెరిచింది కొంగను.
కడియం మళ్ళీ మరకైపోయింది.

మరో కుర్చీ చూపించబోయాను.
"ఉండనీ," అంది. "అంకె నాకు తెలుసుగా.
మూడు."
కాసేపాగి,
"ఎనిమిదైనా అది దాని కాలే."

టోపీ ఇంకా నా సొరుగులో ఉంది.
రేపు కాదు, ఎల్లుండి కాదు,
గురువారం నాలుగింటికి చూడాలి
ఆయన ఏ తెర ముందు కూర్చుంటాడో.