పరిస్థితుల్లో మార్పు

గ్రిమ్స్‌బీలో వాన. గుమ్మంలో గోధుమరంగు కవరు.
"శ్రీమతి ఎనిడ్ థ్రస్సెల్ గారికి,
మీ పరిస్థితుల్లో మార్పును సకాలంలో తెలపలేదు.
పంతొమ్మిది రోజుల భత్యం
అదనంగా ముట్టింది. తిరిగి చెల్లించగలరు."

నిజమే, చెప్పలేదు ఎనిడ్.
ఎప్పుడూ అంతే. మణికట్టు విరిగినప్పుడూ
మూడో రోజుకి గానీ నోరు విప్పలేదు.

ఫోన్లో నలభై నిమిషాల పియానో తర్వాత
ఓ కుర్ర గొంతు: "ఆవిడతో మాట్లాడవచ్చా?"
క్లిఫర్డ్ కిటికీ పక్క కుర్చీ వైపు తిరిగాడు,
అలవాటు.

ఆ పంతొమ్మిది రోజులూ
దేనికి ఖర్చయిందంటే ఏం చెప్తాడు?
రెండు కప్పుల్లో టీ పోసి
ఒకటి సింకులో పారబోశాడు.
ఆమె గదిలో హీటరు ఆర్పలేదు.

వారానికి ఐదు పౌండ్లకి ఒప్పుకున్నారు.
అప్పు తీరేదాకా
రశీదులు ఆమె పేరుతోనే వస్తాయట.

"నాలుగు చేయరాదూ?" అన్నాడు క్లిఫర్డ్.