పోటూ పాటూ

మా వైపు పోటు అంటే రెండు.
వశిష్ఠలోకి సముద్రం ఎగదన్నేది ఒకటి,
నా ఎడమ కణతలోకి ఎక్కేది ఒకటి.
మొదటిదానికి లెక్కుంది.
అమావాస్యకి రేవులో ఏ మెట్టు దాకా నీరో
పంటు నడిపే సోలోమోను వేలి కణుపుల మీద చెప్తాడు.
రెండోదాని తిథి ఎవరికీ తెలీదు.

ముందు ఆవులింతలు, నిద్ర లేకుండానే, వరసగా.
తర్వాత ఉప్పుచేప తినాలనిపిస్తుంది.
ఆ తర్వాత నేను అల్లుతున్న లేసు పక్కన
లేని లేసొకటి మొదలవుతుంది.
రంపపు పళ్ల అంచు, మెరుస్తూ, వణుకుతూ,
గొలుసు మీద గొలుసు.
పదహారేళ్లుగా సూది పట్టాను గానీ
అంత సన్నపు పని నా చేత కాలేదు.
దాని వెనక మా హెప్సిబా ముఖం సగమే.
గోడ గడియారంలో మూడు నుంచి ఆరు దాకా అంకెలుండవు.
ఇరవై నిమిషాలకి ఆ అంచు కంటికొసన రాలిపోతుంది.
అప్పుడు పోటు.

ఎలా ఉంటుందని అడిగితే సుత్తి అంటాను,
తొందరగా వదిలేస్తారని.
సుత్తి కాదు.
చెరువుగట్టుకి లోపలినుంచి నీళ్లు ఆనుకుంటాయే,
గట్టు ఒక్కచోట చెమ్మగిల్లుతుందే,
ఆ ఒక్కచోట నేను.

అత్త ప్రార్థన పెట్టించింది.
పదకొండు మంది, రెండు కంజీరాలు.
పక్కింటి వీరమణి దిష్టి తీసి
ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసింది.
"కోరే రాలేదు, చూశావా, ఎంత దిష్టో!"
నాకొచ్చింది. నాకొక్కదానికే.
లేసు గుమాస్తా కళ్లజోడు మార్చుకోమన్నాడు,
డజను మ్యాట్లు శుక్రవారానికే అన్నాడు.

మా ఆయన ఏసుపాదం ఏమీ అనలేదు.
కొట్టుగది కిటికీకి
రొయ్యల మేత సంచులు ఉతికి, ఎండేసి, మేకులు కొట్టాడు,
నేను ఇంట్లో లేని పూట చూసి,
ఆ చప్పుడు నాకు వినబడకుండా.
సంచులు ఇప్పటికీ కాస్త వాసనే.
ఆ మాట ఆయనతో చెప్పలేదు.

రోహిణి కార్తెలో ఓ రాత్రి ఆ గదిలోనే ఉన్నాను.
ఊరి చుట్టూ చెరువులు, చెరువుల నిండా ఏరేటర్లు,
అన్ని రెక్కలూ నా కణతలోనే తిరుగుతున్నాయి.
ఉన్నట్టుండి కరెంటు పోయింది.

తడిగుడ్డలా పడింది నిశ్శబ్దం.
తల నాదైంది.

గట్టు మీద పరుగులు మొదలయ్యాయి.
టార్చిలైట్లు, డీజిలు డబ్బా, తిట్లు,
"పైకొచ్చేస్తన్నాయి రోయ్" అని ఏసుపాదం గొంతు.
గాలి చాలక రొయ్యలు అంచులకి చేరి
మీసాలు పైకెత్తి ఉంటాయి.
అది మా ఏడాది తిండి.
నేను చీకట్లో
ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అంటున్నాను.
జనరేటరు అందుకుంది.
ఏడ్చాను.
రొయ్యలు బతికాయని ఏడ్చానంటే అబద్ధం.

తెల్లారి ఆయనే పాలకొల్లు తీసుకెళ్లాడు.
డాక్టరమ్మ కంట్లో లైటు వేసే ముందు
"వేయనా అమ్మా?" అని అడిగింది.
అలా అడిగినవాళ్లు లేరు.
కనబడేదేదో గియ్యమని కాగితం ఇచ్చింది.
గీత రాదు నాకు.
సంచిలోంచి సూదీ దారం తీసి
ఆ అంచు ఐదు వరసలు అల్లి బల్ల మీద పెట్టాను.
బయట రోగులు కుర్చీలు జరుపుతున్నారు.
ఆవిడ తొందర పెట్టలేదు.
దీనికో పేరుందంది, చెప్పింది కూడా.
బస్సు దిగేసరికి మర్చిపోయాను.
ఉందని మాత్రం గుర్తుంది.

మాత్ర చిన్నది. ఆవులింతల దగ్గరే వేసుకోవాలి.
నెలకి ఆరు పోట్లు ఇప్పుడు రెండు, ఒక్కోసారి మూడు.
లేసు లెక్కల పుస్తకం వెనక పేజీల్లో
తినని పూట, నిద్ర లేని రాత్రి, ఉక్క, అన్నీ రాస్తున్నాను.
"నీ పంచాంగం నువ్వే కడతన్నావే" అని సోలోమోను నవ్వాడు.

పాటు రావడం ఎప్పుడైనా చూశారా?
చప్పుడుండదు.
కట్టేసిన నావ జానెడు కిందకి దిగి ఉంటుంది,
బురద మీద ఎండ్రకాయలు తిరుగుతుంటాయి, అంతే.
నిన్న అలాగే కొట్టుగది తలుపు తీసుకుని బయటికొచ్చి
ఏసుపాదం సగం తిన్న చద్దన్నం గిన్నె లాక్కున్నాను.
ఉప్పెక్కువేశాడు.
మొత్తం తినేశాను.