ప్రియం

పదకొండు గదులు చూశాను రువీలో.
ఒకదాంట్లో కిటికీ తీస్తే
పక్కింటి ఏసీ వీపు.
ఇంకోదాంట్లో పరుపు ఇంకా వెచ్చగా ఉంది,
నైట్ డ్యూటీ నర్సు ఇప్పుడే లేచి వెళ్లిందట.
పగలు ఆమెది, రాత్రి నీది
అన్నాడు బ్రోకరు వర్గీస్,
దుప్పటి మాత్రం ఎవరిది వాళ్లదే.

కరెంటు స్తంభాలకి కాగితాలు:
ఫ్యామిలీకి మాత్రమే.
శాకాహారులకు మాత్రమే.
ఏడాదికి తక్కువైతే అడగవద్దు.

ఏ కంపెనీ?
కంపెనీ లేదు. అరబీ నేర్చుకోను వచ్చాను,
ఆరు నెలలు.
వర్గీస్ కారు పక్కకి ఆపి మరీ నవ్వాడు:
అందరూ ఇక్కణ్ణుంచి డబ్బులు పంపుతారు చేచీ,
నువ్వు తెప్పించుకుంటావా?

అతనికి చెప్పలేదు.
జగిత్యాలలో ఏజెంటు ఆఫీసులో
ఆరేళ్లు టైపు కొట్టాను.
కుడి నుంచి ఎడమకి నడిచే కాగితాల చివర
ఎంతమంది బొటనవేళ్లు పట్టి నొక్కించానో.
గిండ్ల ఏమున్నది మేడం, అనేవాళ్లు.
అంతా మంచిగనే ఉన్నది, అనేదాన్ని.
ఎయిర్‌పోర్టులో నా పెట్టె ఇరవైరెండు కిలోలు తూగింది.
ఆ మాటని మాత్రం ఎవరూ తూకం వేయలేదు.

క్లాసులో ఉస్తాద్ హిలాల్ నోట్లో
ప అనే అక్షరం లేదు.
పావనిని కాస్తా బావని అయ్యాను.
ఎవరికి బావనో చెప్పలేక
పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను.
నా గొంతులో మరి ఐన్ లేదు.
చేపముల్లు గుచ్చుకునే చోట ఉంటుందట,
రాత్రంతా అక్కడే వెతికాను.
పక్క మంచం ఫిలిప్పీన్స్ పిల్ల లేచి
మంచినీళ్లు ఇచ్చింది.

కుర్సీ, సాబూన్, దుకాన్, బాకీ.
మా వీధివాళ్లే
ఇక్కడ అసలు పేర్లతో తిరుగుతున్నట్టు.

పన్నెండోది మత్రాలో,
చేపల మార్కెట్ వెనక
మెట్లకి అడ్డంగా పడుకున్న మేకను దాటి.
డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒకే గది,
కిటికీ నిండా నల్లటి కొండ.
నూటపది రియాల్ అంది ముసలావిడ.
నా దగ్గర ఆ రోజుకి ఒక్క మాటే సిద్ధంగా ఉంది:
ఘాలీ! వాజిద్ ఘాలీ!

లోపల ఎవరో పిల్లాడు పకపకా నవ్వాడు.
ఘాలియా నా పేరే, అందావిడ.

ధర ఎక్కువైనదానికీ
మనసుకి దగ్గరైనదానికీ
ఇక్కడ ఒకటే మాటట.
మా దగ్గరా అంతేనమ్మా, అందామంటే
నాకింకా క్రియాపదాలు రాలేదు.
ప్రియం, ప్రియం, అంటూ
ఒకసారి పర్సు మీదా
ఒకసారి గుండె మీదా చెయ్యి వేసి చూపించాను.
ఎనభైకి దిగింది.
ట్యాంకరు డబ్బులు విడిగా.

చేపలు శుభ్రం చేస్తూ
నా ఐన్‌ని సరిచేసేది ఘాలియా.
కత్తి ఎత్తి, ఇంకా లోపల్నించి, అనేది.

ఐదో నెలలో
లాండ్రీలో పనిచేసే ధర్మపురి కుర్రాడు
తన కాగితం పట్టుకుని మెట్లెక్కాడు.
మడతల దగ్గర చిరిగింది.
నెమ్మదిగా, వేలు పెట్టి చదివాను.
మూడో పేరా దగ్గర ఆగాను.
ఏమున్నదక్కా?
అంతా మంచిగనే ఉన్నది
నాలిక చివరిదాకా వచ్చింది, అలవాటు కదా.
ముందు కూర్చో, అన్నాను,
కుర్సీ జరిపి.

వెళ్లే వారం
గది బోర్డు నన్నే రాయమంది ఘాలియా.
కుడివైపు నుంచి మొదలుపెట్టాను:
లిల్ ఈజార్.
కింద ఆవిడ చెప్పకుండానే
ఇంకో మాట కలిపాను, ఖాళీ.
దానికి ఏ అనువాదమూ అక్కర్లేదు.

మొదటి కాగితం మేక తినేసింది.
రెండోదీ తినేసింది.
మూడోది కాస్త ఎత్తులో అంటించాను,
ఘాలియా స్టూలు పట్టుకుంది.