బేగి

పదకొండేళ్ళ కింద
కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో చేరిన రోజు
నా చెవిన పడ్డ మొదటి మాట, బేగి.
బేగి కానీ. బేగి కొట్టు. బేగి తే.
పేరు పెట్టి పిలవడం
తర్వాతెప్పుడో నేర్చుకున్నారు.

కుడిచేతిలో మీట, ఎడమచేతిలో పిక్క,
కాలి కింద పెడలు.
పిక్క పగిలితే చిమ్మే నూనెకి
వేళ్ళు కుబుసం విడిచేవి.
బూడిద రాసుకుని మళ్ళీ బేగి.

పక్క బల్ల కూర్మమ్మది.
ఆవిడ మీట చప్పుడు
పక్క వీధిలో ఎవరో వడ్లు దంచుతున్నట్టు,
దెబ్బకీ దెబ్బకీ నడుమ
పిడికెడు నిశ్శబ్దం.
నాది,
వానలో రేకుల షెడ్డు.

సాయంత్రం కాటా దగ్గర
బెహరా బాబు నా పళ్ళెం చూసి మురిసిపోయేవాడు.
"పద్నాలుగు కిలోలు! చూసి నేర్చుకోండర్రా!"
మురిసిపోతూనే వేలితో కెలికి
గుండ్లు ఇటు, బద్దలు అటు తోసేవాడు.
గుండుకో రేటు, బద్దకో రేటు.
నూకకి రేటుండదు, తిట్టుంటుంది.

కూర్మమ్మది తొమ్మిది.
నిన్నా తొమ్మిదే. మొన్నా.
ఆవిడ పళ్ళెంలో గుండ్లు
నిద్రపోతున్న పసిపిల్లల్లా
ఒక్కటీ విరక్కుండా పడుకుని ఉండేవి.

"నీకు డబ్బులక్కర్లేదేటి అప్పా?"
అడిగానొకసారి, పొగరుగానే.
మీట వదిలింది. ఆముదం గుడ్డతో చేతులు తుడుచుకుంది.
చెంబెత్తి, గుటక గుటకకీ ఆగి తాగింది.
అప్పుడంది:
"ఉద్దానపోల్లం.
ముందు నీల్లు తాగాల, తరవాత మాటాడాల.
సూడమ్మీ, పిక్కకి తొందర నేదు.
తొందరంతా మనదే.
ఇరిగేది మాత్రం అది."
కాసేపాగి,
"మనం కూడాననుకో."

పదకొండున్నరకి స్టేషన్లో ఏదో బండి కూసేది.
ఆ కూతకి లేచి నడుం విరుచుకునేది.
మేస్త్రీ కసిరితే,
"డైవరు దిగిపోనాడు బాబూ,
కొత్త డైవరు ఎక్కాల.
ఇంజినుకి నేకపోనా మడిసికి అలుపుంటాదని
రైలోల్లకి తెలిసింది."
మేస్త్రీ నవ్వలేదు.
ఆపనూ లేదు.

నెలాఖరు పుస్తకంలో నా వరస:
పద్నాలుగు, పదమూడు, పద్నాలుగున్నర,
జ్వరం, జ్వరం, ఆరు,
వేలికి గుడ్డ కట్టుకున్న నాలుగు రోజులు,
పన్నెండు, ఖాళీ.
దాని కింద కూర్మమ్మ
తొమ్మిది తొమ్మిది తొమ్మిది,
సున్నం కొట్టిన గోడలా సాపుగా.
కూడిక నేనే చేశాను. రెండుసార్లు.
రెండోసారీ ఆవిడదే ఎక్కువ.
లెక్క తప్పితే బాగుండునని
బడిలో కూడా ఎప్పుడూ అంత కోరుకోలేదు.

నెమ్మది నేర్చుకోడానికి నాలుగేళ్ళు పట్టింది.
అదొక్కటీ బేగి రాలేదు.

కూర్మమ్మ ఇంకా వస్తూనే ఉంది.
ఈమధ్యే ఎనిమిదికి దిగింది,
అదీ కళ్ళజోడు విరిగినందుకు.

నా రెండో పక్క ఇప్పుడు యమున.
వజ్రపుకొత్తూరు నుంచి
చీకటుండగానే ఆటోలో వస్తుంది.
తల్లికి వారానికి రెండుసార్లు
రక్తం శుభ్రం చేయించాలి.
వచ్చిన వారానికే పదిహేను కిలోలు.
బెహరా బాబు మురిసిపోతున్నాడు.

ఏం చెప్పను?
తొమ్మిదితో ఆ ఇల్లు గడవదు.
నా పాత పుస్తకం తెచ్చి చూపిస్తే
పేజీలు తిరగేసే తీరిక కూడా లేదు ఆ పిల్లకి.
నెమ్మది కూడా ఒక ఆస్తేనని,
అందరికీ అప్పు పుట్టదని
నాకిన్నాళ్ళకి తెలిసింది.

పదకొండున్నర. కూత.
కూర్మమ్మ లేచింది. నేను లేచాను.
మీట మీదున్న యమున చేతి మీద
చెయ్యి వేశాను.
బేగి అనలేదు.
నెమ్మది అనీ అనలేదు.
చెంబు ఆమె వైపు జరిపాను.

సగం తాగి
మీట కేసి చూసింది.

బండి ఇంకా కదల్లేదు.